తణుకు నుంచి ఋషికొండకు: నీటి అడుగున బ్రతుకుతెరువు

తణుకు పక్కన పారే ఏటి పేరు గోస్తనీ. విశాఖపట్నం అవతల భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలిసే నది పేరు కూడా గోస్తనీయే. పేరు తప్ప ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. అక్కడిది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా దిగి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలిలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. మనది వరిచేల నడుమ, కాలువల్లో ఒక కాలువలాగా నిదానంగా నడిచిపోతుంది. ఒక గోస్తనీ ఒడ్డున రైలెక్కి, రెండవ గోస్తనీ కలిసే సముద్రాన్ని చూడడానికి వెళ్లిన ప్రయాణం ఇది. సంక్రాంతి వెళ్లిన వారంలో బయలుదేరాను.

ఎందుకు వెళ్లానో చెప్పాలి. మన డెల్టాలో పుట్టినవారికి నీళ్లు కొత్త కాదు. ఇంటి ముందు కాలువ, ఇంటి వెనుక బోదె, ఊరి చివర చెరువు. అయినా ప్రతి వేసవిలోనూ సెలవులకు వచ్చిన పిల్లలు కాలువలో దిగి రాకపోవడం, ఊరంతా గట్టు మీద నిలబడడం, ఎక్కడినుంచో గజ ఈతగాళ్లను పిలిపించడం మనకు తెలిసినదే. ఆ గజ ఈతగాళ్లు ఒక్క ఊపిరి మీద మునిగి, చేతులతో అడుగు తడిమి, పైకి తేలి, మళ్లీ మునిగేవారు. అదొక పని అని, దానికి కూలి కాక జీతం ఉండవచ్చునని మనమెవరమూ ఎన్నడూ అనుకోలేదు.

ఇప్పుడు కాలం మారింది. వీపున సిలిండరు, ముఖాన అద్దం, కాళ్లకు రెక్కలు తగిలించుకొని చేపల మధ్య తిరిగే మనుషులను మన కుర్రవాళ్లు సెల్‌ఫోనులో చూస్తున్నారు. స్కూబా డైవింగు నేర్పే శిక్షకులుగా పనిచేస్తే డబ్బు వస్తుందట గదా అని అడుగుతున్నారు. కొల్లేటి ప్రాంతంలో నాకు బాగా తెలిసిన ఒక కుటుంబంలోని అబ్బాయి అయితే అడగడంతో ఊరుకోలేదు, వెళ్తానని పట్టుబట్టాడు. ఆ పని ఎలాంటిదో కళ్లారా చూసి వస్తే నలుగురికీ చెప్పవచ్చునని బయలుదేరాను.

తణుకు స్టేషను భీమవరం, నిడదవోలు లైనులో ఉన్నది. నిడదవోలులో పెద్ద లైను కలుస్తుంది. కొవ్వూరు దాటగానే గోదావరి. పక్కనే 1900లో కట్టిన పాత హేవలాక్ వంతెన స్తంభాలు కనబడతాయి. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. అండమాన్ దీవుల్లో డైవింగుకు పేరుపడిన దీవి పేరు కూడా మొన్నటివరకు హేవలాకే. ఈ వంతెన పేరు మద్రాసు గవర్నరుగా ఉన్న హేవలాక్ దొరది, ఆ దీవి పేరు ఇంకొక హేవలాక్ అనే సేనానిది. 2018లో ఆ దీవిని స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. ఒకే పేరు గల ఏర్లు, ఒకే పేరు గల దొరలు, ఈ ప్రయాణంలో ఇదొక తమాషా.

విశాఖపట్నం నౌకాదళపు ఊరు. రామకృష్ణా బీచిలో 2002 నుంచి కుర్సురా జలాంతర్గామి ప్రదర్శనశాలగా నిలబడి ఉంది, మీలో చాలామంది పిల్లలతో వెళ్లి చూచే ఉంటారు. 1971 యుద్ధంలో ఈ రేవు బయటనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోతే, నిస్తార్ అనే నౌక నుంచి మన నౌకాదళపు డైవర్లు దిగి దానిని పరీక్షించారు. అదే పేరుతో, డైవర్ల పనికోసమే, ఇక్కడి హిందూస్తాన్ షిప్‌యార్డులో కట్టిన కొత్త నిస్తార్‌ను 2025 జూలైలో నౌకాదళానికి అప్పగించారు. ఇటువంటి ఊళ్లో నీటి కింద పని అంటే ఎవరూ వింతగా చూడరు. 2022కు ముందు నౌకాదళంలో నావికుడిగా చేరినవాడు నలభై ఏళ్లు నిండకముందే పెన్షనుతో బయటికి రావచ్చు. ఇంకా ఒంట్లో సత్తువ ఉంటుంది, సముద్రం తెలిసి ఉంటుంది. ఋషికొండ దగ్గర స్కూబా నేర్పే సంస్థలను మొదలుపెట్టినది అలా దళం నుంచి బయటికి వచ్చినవారే. బలరాం నాయుడు గారి లివిన్ అడ్వెంచర్స్ అటువంటిది. ప్లాటిపస్ ఎస్కేప్స్ అనే మరొక సంస్థవారు సముద్రపు అడుగున పేరుకొన్న ప్లాస్టిక్ చెత్తను కూడా ఏరి ఒడ్డుకు తెచ్చారు. మనం పారేసిన సంచులు ఎక్కడికి చేరుతున్నాయో వారికి తెలిసినంతగా మనకు తెలియదు.

ఋషికొండ నగరం నుంచి భీమిలి వెళ్లే రోడ్డున ఉన్నది. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచి. తెల్లవారి ఏడింటికే అక్కడ పని మొదలైపోయింది. ఇద్దరు కుర్రవాళ్లు సిలిండర్లను భుజాన వేసుకొని పడవలోకి చేరవేస్తున్నారు. ఒక్కొక్కటి పధ్నాలుగు, పదిహేను కిలోల బరువు.

ఇక్కడ ఒక మాట సరిచెయ్యాలి. పత్రికల్లో కూడా దీన్ని ఆక్సిజన్ సిలిండరు అని రాస్తుంటారు. అందులో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలే. దాన్ని కంప్రెసరుతో రెండువందల రెట్ల ఒత్తిడికి కుదించి నింపుతారు. ఉత్త ఆక్సిజన్ పీలుస్తూ లోతుకు పోతే అదే విషమై ఫిట్సు వస్తాయి. ఆ కుదించిన గాలిని, మనిషి పీల్చినప్పుడు మాత్రమే, అతడున్న లోతుకు తగిన ఒత్తిడితో నోటికందించే సాధనమే రెగ్యులేటరు. దీన్ని 1943లో ఫ్రాన్సు దేశంలో కూస్తో అనే నౌకాదళపు అధికారి, గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి తయారుచేశారు. అంతకుముందు డైవరుకు పడవ నుంచి గొట్టం ద్వారా గాలి కొట్టవలసి వచ్చేది. గొట్టం పొడవెంతో అతని స్వాతంత్ర్యం అంత. యోనా కథ చెప్పినప్పుడల్లా ఆదివారపు బడి పిల్లలు, మూడు రోజులు ఆయనకు ఊపిరి ఎలా ఆడిందండీ అని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు కాని, మామూలు మనిషికి ఊపిరి ఎలా ఆడుతుందో ఋషికొండలో నేర్చుకొన్నాను.

నీటిలో ప్రతి 10 మీటర్లకు, అంటే సుమారు ఐదున్నర బారలకు, గాలి బరువంత ఒత్తిడి ఒకటి అదనంగా మీద పడుతుంది. పైన ఒక బిందెడు గాలి ఆ లోతులో అర బిందె అవుతుంది. అర బిందె గాలిని అక్కడినుంచి పైకి తెస్తే మళ్లీ బిందెడు అవుతుంది. మన ఊపిరితిత్తులు బిందెలవంటివే. పది మీటర్ల అడుగున సిలిండరు గాలిని నిండా పీల్చి, భయంతో ఊపిరి బిగపట్టి పైకి లేచినవాని ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. మన కాలువలో మునిగేవాడు పైన పీల్చిన ఊపిరితోనే దిగుతాడు గనుక అతనికి ఈ బాధ లేదు. అందుకే ఇక్కడ మొదటి పాఠం, మన ఊరి ఈతకు పూర్తిగా ఎదురు: ఊపిరి ఎన్నడూ బిగపట్టవద్దు.

రెండవ ప్రమాదం నత్రజని. ఒత్తిడి కింద గాలి పీల్చేకొద్దీ అందులోని నత్రజని రక్తంలో కరుగుతుంది. గోలీసోడా సంగతి మనకు తెలుసు గదా. గోలీ నొక్కనంతవరకు సీసాలో ఒక్క బుడగ కనబడదు, నొక్కగానే బుస్సుమంటుంది. తొందరపడి పైకి వచ్చిన డైవరు ఒంట్లో జరిగేది అదే. కీళ్లలో నొప్పి మొదలుకొని పక్షవాతం వరకు రావచ్చు. అందుచేత నెమ్మదిగా లేవాలి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి మరీ రావాలి. వరుసగా డైవులు చేసినవాడు కనీసం 18 గంటలు విమానం కూడా ఎక్కకూడదంటారు.

పడవలో పర్యాటకుల కుటుంబం ఒకటి ఎక్కింది. భార్యాభర్తలు, వారి కాలేజీ కొడుకు. ముగ్గురిలో ఎవరికీ ఈత రాదు. ఈత రానివారిని సముద్రంలోకి దింపుతారా అని నేను ఆశ్చర్యపోయాను. ఒక్కసారి చూచి రావడానికి ఈత రానక్కరలేదట, కాని మనిషికొక శిక్షకుడు ఉండి తీరాలి. ముందుగా ఆరోగ్యపు ప్రశ్నల కాగితం నింపించారు. ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవారు దాచకుండా చెప్పాలి. తరువాత తీరం దగ్గర నడుములోతు నీళ్లలో నోటితో గాలి పీల్చడం, ముక్కు నొక్కి చెవుల్లోకి గాలి ఊది సర్దుకోవడం, సైగలు నేర్పారు. బొటనవేలు పైకి చూపితే మనకు భేష్ అని అర్థం. నీటి కింద దాని అర్థం, పైకి పోదాం అని. బాగున్నానని చెప్పడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్న చుట్టాలి.

నేను దిగలేదు. పడవలోనే కూర్చుని చూశాను. నీరు ఆ రోజు పల్చగానే ఉంది. నదులు మోసుకొచ్చే ఒండ్రు వల్ల మన తూర్పు తీరంలో నీరు ఎప్పుడు తేటపడుతుందో, ఎప్పుడు మసకబారుతుందో చెప్పలేరట. ఆ తల్లి దిగిన నిమిషానికే బెదిరి శిక్షకుని భుజం పట్టుకొంది. అతడు కంగారుపడలేదు, లాగలేదు. ఆమె కళ్లలోకి చూస్తూ తన ఛాతీ మీద చెయ్యి ఆడిస్తూ, నెమ్మదిగా పీల్చు, నెమ్మదిగా వదులు అని చూపించాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వెంటనే ఆమెను పైకి తెచ్చి పడవ ఎక్కించాడు. మళ్లీ దిగమని ఒక్కమాట అనలేదు. అవతల చేపలను చూసి వచ్చిన కొడుకు కేరింతలు కొడుతున్నాడు, నా కళ్లు మాత్రం ఈ శిక్షకుని మీదే ఉన్నాయి. చేపలను చూపించడం ఇతని పనిలో చిన్న భాగం. తనను నమ్మి దిగినవారిని దిగినంత క్షేమంగా ఒడ్డున నిలబెట్టడానికే ఇతనికి కూలి.

ఒడ్డుకు వచ్చాక అతనితో మాట్లాడాను. శిక్షకుడు కావడానికి మెట్లున్నాయి. ప్రపంచమంతటా చెల్లే సర్టిఫికెట్లిచ్చే సంస్థలు కొన్ని ఉన్నాయి. వాటిలో పెద్దది 1966లో అమెరికాలో పుట్టిన పాడి. ఇది మన పాడిగేదెల పాడి కాదు, వారి సంస్థ పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాల కూర్పు. ఆ పద్ధతిలో మొదటిది ఓపెన్ వాటర్ కోర్సు, 18 మీటర్ల లోతువరకు. తరువాతది అడ్వాన్స్‌డ్, 30 మీటర్లవరకు. ఆపైన రెస్క్యూ, అంటే ఆపదలో ఉన్నవారిని కాపాడడం. ఆ తరువాత డైవ్ మాస్టరు. దానికి పద్దెనిమిదేళ్లు నిండాలి, ఏ సాధనమూ లేకుండా 400 మీటర్లు ఈదాలి, పదిహేను నిమిషాలు నీటి మీద తేలియాడాలి. ఇవన్నీ అయి, కనీసం 100 డైవులు పుస్తకంలో ఎక్కితేనే శిక్షకుని పరీక్షకు కూర్చోనిస్తారు. ఆ పరీక్షలో నువ్వెంత బాగా మునుగుతావు అని అడగరట. నేర్చుకొనేవాని వేషం వేసినవాడు కావాలని ఒక తప్పు చేస్తాడు, దాన్ని నువ్వు సమయానికి చూశావా లేదా అన్నది చూస్తారు.

ఇంత చదువుకూ ఖర్చు లక్షల్లో అవుతుంది. అద్దం, రెక్కలు, రెగ్యులేటరు సొంతవి కొనుక్కొంటే అది వేరు. శిక్షకుడైన తరువాత కూడా ఏటేటా సభ్యత్వపు రుసుము కట్టకపోతే నేర్పే హక్కు పోతుంది. ఇంగ్లీషు, హిందీ రాకపోతే పని దొరకడం కష్టం. మన పిల్లలు తడబడేది ఈతలో కాదు, ఇక్కడ.

ఆదాయం వానలవంటిది. అక్టోబరు, నవంబరుల్లో మొదలై వేసవి వరకు బాగా ఉంటుంది. ఋతుపవనాలు వస్తే సముద్రం లేస్తుంది, పడవ కదలదు. ఆ నెలల్లో చాలామందికి జీతం తగ్గడమో, అసలే లేకపోవడమో జరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖను ఎలా చిందరవందర చేసిందో మనం చూశాం. 2020లో కరోనా వచ్చి పర్యాటకమే ఆగిపోయింది. దిగేవాడు లేకపోతే దింపేవానికి కూడు లేదు. అందుకని చాలామంది శిక్షకులు ఏడాదిలో కొన్ని నెలలు అండమాన్‌లోనో, గోవాలోనో, కర్ణాటకలోని మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవి వద్దనో, పుదుచ్చేరిలోనో పనిచేస్తూ సీజను వెంట తిరుగుతుంటారు. కోతల వెంట తిరిగే మన కూలీల సంగతీ అంతే. నీటి కింద గడిపేది రోజుకు ఒకటి రెండు గంటలు, తక్కిన రోజంతా సిలిండర్లు నింపడం, ఉప్పు పట్టిన సామాను మంచినీటితో కడగడం, ఫోనులకు జవాబు చెప్పడం. మధ్యాహ్నం ఎండలో వరుసగా ఆరేసిన నల్లని రబ్బరు దుస్తులను చూస్తే చాకిరేవు గుర్తుకొచ్చింది.

ఇంకొక అపోహ కూడా పోవాలి. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళ్తూ దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. మన జిల్లాల గుండె ఇంకా దాన్ని మరవలేదు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందం రోజుల తరబడి లంగర్లు వేసి, తాళ్లు తెగి, మళ్లీ వేసి, చివరకు అక్టోబరు 22న బోటును బయటికి తీసింది. ఆఖరున విశాఖ నుంచి వచ్చిన డైవర్లు బురదనీటిలోకి దిగి బోటుకు తాడు బిగించారు. అది చూసినవారు స్కూబా నేర్చుకొంటే అటువంటి పని చేయవచ్చునని అనుకొంటారు. అది వేరే వృత్తి. రేవుల్లో ఓడల అడుగు కడిగేవారు, చమురు బావుల దగ్గర గొట్టాలు బిగించేవారు, వరదలో శవాలను వెదికేవారు మరొక శిక్షణ పొందినవారు. మనకు దగ్గరలో గన్నవరం వైపు కొండపావులూరులో ఉన్న జాతీయ విపత్తు దళంలో అటువంటివారున్నారు. పర్యాటకులకు చేపలు చూపే సర్టిఫికెట్టుతో వరద గోదావరిలోకి దిగితే మరొక ఇంట ఏడ్పు తప్ప ఏమీ మిగలదు. ఈ సంగతి మన కుర్రవాళ్లకు గట్టిగా చెప్పవలసి ఉంది.

తిరుగు ప్రయాణంలో తణుకులో దిగలేదు. తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వెళ్లి, అక్కడినుంచి కొల్లేటి దారి పట్టాను. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పళ్లెంలాంటి చెరువు అది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తే, ఉప్పుటేరు సముద్రానికి మోస్తుంది. 1999లో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందపు జాబితాలో చేరింది. ఆటపాక దగ్గర గూడబాతులు గుంపులు గుంపులుగా చెట్ల మీద ఉన్నాయి. నీటికాకి ఒకటి మునిగి, నేను ఇరవై అంకెలు లెక్కపెట్టేవరకు లేవలేదు. దానికి సిలిండరూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. కొల్లేటిలో స్కూబా పనికిరాదు, చాలాచోట్ల మనిషి నిలబడితే తల పైనే ఉంటుంది, నీళ్లలో గుర్రపుడెక్క, బురద. కనుక ఈ వృత్తి కావాలనుకొన్న కొల్లేటి బిడ్డ కొల్లేటిని విడిచి పోవాలి.

మొదట చెప్పిన అబ్బాయి ఇంటికి వెళ్లాను. వాళ్ల నాన్నకు ఒకప్పుడు చేపల చెరువులో వాటా ఉండేది. 2006లో ప్రభుత్వం ఐదవ కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టించినప్పుడు అదీ పోయింది. ఇప్పుడు పైన ఇంకొకరి రొయ్యల చెరువుకు కాపలా. నేను చూసినదంతా చెప్పాను. ఖర్చు చెప్పాను, ఊపిరితిత్తుల సంగతి దాచలేదు, పడవ కదలని నెలల సంగతీ దాచలేదు.

“నెలనెలా జీతం రాదన్నమాట” అన్నాడాయన. కాసేపాగి, “రొయ్యలేవన్నా నెలనెలా ఇస్తన్నాయేంటండీ, అయ్యగారూ” అని తనే నవ్వాడు.

అబ్బాయి తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ఒకేసారి అన్ని కోర్సులకూ అప్పు చేయవద్దని, ముందు మొదటి కోర్సు ఒక్కటి చేసి, ఒక సీజను అక్కడే సిలిండర్లు మోసే పనిలో ఉండి చూడమని చెప్పాను. ఋషికొండలో మాట్లాడిన శిక్షకుడు కూడా అలాగే మొదలుపెట్టాడు. ఈలోగా ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకోమన్నాను. ఆ మాటకు తల దించుకొన్నాడు.

వాళ్లమ్మ అంతవరకు మాట్లాడలేదు. “ఆదివారాలు సెలవుంటదాండీ?” అని అడిగింది. శని, ఆదివారాలే అక్కడ జనం ఎక్కువని చెప్పవలసి వచ్చింది.

“పోనీ క్రిస్మస్‌కి?”

డిసెంబరు ఆఖరు వారమే వాళ్లకు కోతల కాలం, ఆ వారం ఎవరినీ వదలరని చెప్పాను. ఆమె కొడుకు వైపు చూసింది. పొయ్యి మీద చేపల పులుసు పొంగుతుంటే లేచి వెళ్లి మూత తీసింది. అక్కడినుంచే, “వానలప్పుడు వస్తాడు గదండీ, జూన్‌లో. పిండివంటలు అప్పుడే చేస్తాలెండి” అంది.